జవాబిచ్చేవారికి దక్కవలసిన గుర్తింపు



ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడనివారు, వేర్వేరు ఊళ్లలో, చాలాసార్లు వేర్వేరు దేశాలలో ఉంటూ, కంప్యూటర్ తెర మీద ఒకచోట చేరి ఒకరి సందేహాన్ని మరొకరు తీర్చుకునే అలవాటు మొదలై ఇప్పటికి నాలుగు దశాబ్దాలు దాటింది. ఇలాంటి గుంపులనే ఆన్‌లైన్ చర్చాసమూహాలు అంటారు. అక్కడ ఒకరు ప్రశ్న రాస్తారు, తెలిసిన మరొకరు తీరిక చేసుకుని జవాబు రాస్తారు. ఆ జవాబు అందరికీ కనిపించేలా అక్కడే నిలిచిపోతుంది కాబట్టి, అదే చిక్కులో పడిన మూడో మనిషి ఏళ్లు గడిచాక వచ్చినా దాన్ని చదువుకుని తన పని చక్కబెట్టుకుంటాడు. జవాబు రాసినవారికి జీతం ఉండదు. రాయకపోతే అడిగేవారూ ఉండరు. అయినా రోజూ వచ్చి, ఓపికగా కూర్చుని, ముక్కూమొహం తెలియనివారి కోసం రాసేవారు ప్రతి సమూహంలోనూ కొందరు ఉంటారు. వారిలో అందరికన్నా ఎక్కువ ఉపయోగపడుతున్నది ఎవరో తెలుసుకోవడం ఎలా, తెలుసుకున్నాక వారిని గుర్తించడం ఎలా అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

ఇలాంటివారు చాలా తక్కువమంది కావడం వల్లనే ఈ ప్రశ్నకు ఇంత బరువు వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2006లో ఈ సంగతిని ఒక స్థూలమైన సూత్రంగా చెప్పాడు. నూరుమంది ఉన్న సమూహంలో తొంభైమంది చదివి వెళ్లిపోతారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు ఏదో రాస్తారు, మిగిలిన ఒక్కరే అక్కడ కనిపించే రాతలో అధికభాగం రాస్తారు. ప్రతి సమూహంలోనూ లెక్క ఇంత కచ్చితంగా ఉండకపోవచ్చు గాని, మోసేవారు కొద్దిమంది, ఆసరా పొందేవారు వేలమంది అన్న మాట మాత్రం అంతటా నిజమే. ఆ కొద్దిమందిలో ఇద్దరో ముగ్గురో విసిగి మానేస్తే సమూహం మూగబోతుంది. కనుక వారిని గుర్తించడాన్ని కేవలం మర్యాదగా చూడడానికి వీలులేదు, సమూహం బతికి ఉండడమే దాని మీద ఆధారపడి ఉంది.

ఉపయోగపడే జవాబు అంటే ఏమిటో దగ్గరగా చూస్తే తప్ప ఈ విషయం స్పష్టం కాదు. కంప్యూటర్‌లో తెలుగు రాయడం అప్పుడే నేర్చుకుంటున్న ఒకరు సాఫ్ట్‌వేర్ అన్న మాట రాయబోయారనుకోవాలి. తెర మీద టకారమూ వకారమూ విడివిడిగా నిలవకుండా, టకారం కింద వవత్తు వచ్చి అతుక్కుంటుంది. రాజ్‌కుమార్ అని రాయబోతే జకారం కింద కవత్తు చేరుతుంది. మాట చదవడానికి ఇబ్బందిగా తయారవుతుంది. ఎన్నిసార్లు చెరిపి రాసినా అంతే. వారు విసిగిపోయి సమూహంలో అడుగుతారు. మొదట వచ్చినవారు ఫాంటు మార్చి చూడమంటారు. తర్వాత వచ్చినవారు ఇదివరకు ఇదే ప్రశ్న ఎవరో అడిగారు, వెతుక్కోండి అంటారు. మూడోవారు కాస్త ఆలస్యంగా వచ్చి, ముందుగా అది కంప్యూటర్ తప్పు కాదని చెబుతారు. పొల్లు హల్లు వెంట మరో హల్లు వస్తే రెండోది వత్తుగా మారడం తెలుగు లిపి స్వభావమే కాబట్టి, యంత్రం తనకు తెలిసిన నియమాన్నే పాటించిందని వివరిస్తారు. ఆ రెండు అక్షరాల నడుమ, కంటికి కనిపించకుండా, చోటు ఆక్రమించకుండా, రెంటినీ విడదీసి ఉంచే ఒక గుర్తును చేర్చాలనీ, దానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అని పేరనీ చెబుతారు. అడిగినవారు వాడుతున్న కీబోర్డు ఏదో కనుక్కుని, అందులో ఏ మీట నొక్కితే ఆ గుర్తు పడుతుందో చూపిస్తారు. అక్కడితో ఆగక, పద్మ, శక్తి వంటి మాటలలో ఆ గుర్తును పొరపాటున కూడా చేర్చవద్దనీ, చేరిస్తే కొన్నిచోట్ల వెతికినప్పుడు ఆ మాట దొరకకుండా పోవచ్చనీ హెచ్చరిస్తారు.

ఈ మూడో జవాబులో ఏమున్నదో శ్రోతలు గమనించే ఉంటారు. అడిగినవారి తప్పేమీ లేదన్న భరోసా ఉంది, కారణం ఉంది, చేయవలసిన పని ఉంది, చేయకూడని పని కూడా ఉంది. ఆ జవాబు చదివినవారు ఫేస్‌బుక్ అన్న మాట దగ్గర మళ్లీ అడగనక్కర లేకుండా, తమంతట తామే దారి వెతుక్కోగలుగుతారు. అయితే పైనుంచి చూసి లెక్కవేసే యంత్రానికి మాత్రం మూడు జవాబులూ మూడు జవాబులే. పైగా మొదటివారు ఒక్క మాట రాసి మరో పది ప్రశ్నలకు వెళ్లిపోయారు కనుక, మూడోవారి ఖాతాలో ఒకటి పడేలోగా వారి ఖాతాలో పది పడతాయి. ఎన్ని జవాబులు రాశారన్నది ఒక సంగతి, ఎవరి చిక్కు తీరిందన్నది మరొక సంగతి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం దగ్గరే చాలా సమూహాలు దారి తప్పాయి.

అయినా గుర్తింపు చరిత్ర లెక్కతోనే మొదలైంది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. 1990ల మొదటి సంవత్సరాలలో అమెరికాలో కంప్యూసర్వ్ అనే సేవ ఉండేది. టెలిఫోను తీగ ద్వారా దానికి కంప్యూటర్‌ను కలుపుకుని, గడిపిన సమయానికి రుసుము కట్టి, సభ్యులు చర్చలలో పాల్గొనేవారు. ఫాక్స్‌ప్రో అనే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారికి అక్కడ ఒక చర్చావేదిక ఉండేది. కాల్విన్ షా అనే ప్రోగ్రామరు ఆ వేదికలో ఎవరు ఎన్ని సందేశాలు రాశారో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసి, ఎక్కువ రాసినవారి పట్టికను అక్కడే ప్రకటించేవాడు. సభ్యులు దాన్ని కాల్విన్ పట్టిక అనేవారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1993లో ఇలా తోటివారికి సాయపడేవారిని గౌరవించడానికి మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్ అనే బిరుదును ప్రారంభించినప్పుడు, దాని పుట్టుకకు ఈ పట్టికే మూలమని ఆనాటి సభ్యులు చెప్పుకుంటారు. ఆ బిరుదు నేటికీ ఇస్తున్నారు. అయితే ఒక వ్యక్తి సరదాగా మొదలుపెట్టిన పట్టిక ఒక పెద్ద సంస్థ చేతిలోకి వెళ్లాక దాని స్వభావం మారింది. అంతకుముందు సాటివారు సాటివారిని లెక్కించుకున్నారు, ఆ తర్వాత సరుకు అమ్మేవారు ఆ సరుకు వాడకంలో సాయపడేవారిని ఎంచుకోవడం మొదలైంది. 1999 అక్టోబరులో ఆ సంస్థ బిరుదును రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, సభ్యుల నుంచి వెల్లువెత్తిన నిరసన చూసి, కొద్ది రోజులకే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఇచ్చేవారు ఒక్కరే అయినప్పుడు తీసేయడానికి కూడా ఆ ఒక్కరి మాట చాలునని ఆ కొద్ది రోజులలో బిరుదు పొందినవారికి తెలిసివచ్చింది.

అదే 1999లో మరొక వ్యవహారం కోర్టుకెక్కింది. అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ తన చర్చావేదికలను చూసుకోవడానికి వేలాదిమంది స్వచ్ఛంద సేవకులను పెట్టుకుని, వారికి జీతానికి బదులు సేవను ఉచితంగా వాడుకునే వీలు కల్పించింది. కాని వారికి శిక్షణ ఉండేది, వారానికి ఇన్ని గంటలని నియమం ఉండేది, చేసిన పనికి నివేదిక ఇవ్వవలసి ఉండేది. ఇది సేవ ముసుగులో ఉద్యోగమేననీ, చట్ట ప్రకారం కనీస వేతనం రావాలనీ కొందరు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఆ వ్యాజ్యం సుమారు పదేళ్లు సాగి, చివరికి కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసింది. గుర్తింపు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఉదంతాన్ని పక్కన పెట్టడానికి లేదు. ఒకరి ఇష్టపూర్వకమైన సాయాన్ని మెచ్చుకోవడం గౌరవమే. గంటలు నిర్ణయించి పని చేయించుకుని, జీతం ఇవ్వవలసిన చోట బిరుదు చేతిలో పెట్టడం మాత్రం అన్యాయం. మొదటిది రెండోదానిగా ఎప్పుడు మారిందో చాలాసార్లు ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

లెక్క సంగతికి మళ్లీ వస్తే, దాన్ని అన్నిటికన్నా పకడ్బందీగా అమలు చేసినది స్టాక్ ఓవర్‌ఫ్లో. ప్రోగ్రామింగ్‌లో ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవడానికి జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో దాన్ని ప్రారంభించారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేసేవారిలో ఆ పేరు వినని మనిషి దొరకడం కష్టం. అక్కడ సభ్యులు మంచి జవాబుకు ఓటు వేస్తారు, ఒక్కో ఓటుకు జవాబు రాసినవారికి 10 పాయింట్లు వస్తాయి, ఇదే నా సమస్యకు పరిష్కారమని అడిగినవారు ఒప్పుకుంటే మరో 15 వస్తాయి. ఈ పాయింట్ల మొత్తాన్ని పరపతి అనుకోవచ్చు. పరపతి పెరిగే కొద్దీ సభ్యులకు ఇతరుల రాతను సరిదిద్దే అధికారం, పనికిరాని ప్రశ్నను మూసివేసే అధికారం ఒకటొకటిగా వస్తాయి. ఇందులో మెచ్చుకోవలసినది చాలా ఉంది. లెక్క పెట్టేది సందేశాలను కాదు, చదివినవారి మెప్పును. అడిగినవారి మాటకు ప్రత్యేకమైన విలువ కూడా ఉంది. కాల్విన్ పట్టిక కన్నా ఇది ఎన్నో అడుగులు ముందున్న ఏర్పాటు.

అయినా ఇక్కడా లెక్క తన పని తాను చేసింది. ముందుగా వచ్చిన జవాబు ఎక్కువమంది కంట పడుతుంది, ఎక్కువమంది కంట పడినదానికి ఎక్కువ ఓట్లు పడతాయి. కనుక తీరిగ్గా ఆలోచించి గంట తర్వాత రాసిన పూర్తి జవాబు కన్నా, నిమిషంలో గిలికిన సగం జవాబుకే లాభం ఎక్కువని సభ్యులు త్వరలోనే గ్రహించారు. ఈ చిక్కు గురించి ఆ వేదిక మొదటి రోజుల నుంచీ సభ్యులు తమలో తాము వాదించుకుంటూనే ఉన్నారు. అక్కడే బ్యాడ్జీలు అనే మరో ఏర్పాటు ఉంది, అంటే ఫలానా పని ఇన్నిసార్లు చేసినవారి పేరు పక్కన కనిపించే చిన్న పతకాలు. ఉదాహరణకు ఇతరుల రాతలు చదివి 300 సార్లు ఓటు వేసినవారికి ఒక బ్యాడ్జీ వస్తుంది. కార్నెల్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బ్యాడ్జీ దగ్గరపడే కొద్దీ సభ్యులు ఆ ఒక్క పనిని మరింత జోరుగా చేస్తారనీ, అది చేతికి రాగానే ఆ జోరు తగ్గిపోతుందనీ తేలింది. ఓటు వేయడం మంచి జవాబును పైకి తేవడం కోసం ఏర్పడింది. పతకం ఊరించిన కొన్నాళ్లు అది పతకం కోసం జరిగింది. బ్రిటన్‌కు చెందిన చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఇటువంటి సంగతినే చెప్పాడు. కొలమానాన్ని గమ్యంగా పెట్టుకున్న క్షణం నుంచి అది సరిగ్గా కొలవడం మానేస్తుందన్నది ఆ మాట సారం.

స్లాష్‌డాట్ అనే మరో చర్చావేదిక ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది. 1997లో మొదలైన ఆ వేదికలో మంచి వ్యాఖ్యలు రాసినవారికి కర్మ అనే పేరుతో పాయింట్లు వచ్చేవి. కొందరు దాన్ని ఆటగా తీసుకుని, అంకె పెంచుకోవడానికే వ్యాఖ్యలు రాయసాగారు. నిర్వాహకులు అంకెను సభ్యులకు చూపించడం మానేసి, దాని బదులు బాగుంది, చాలా బాగుంది వంటి మాటలు మాత్రమే కనిపించేలా మార్చారు. లెక్క లోపల నడుస్తూనే ఉంది, ఎదుటివారి అంకెతో పోల్చుకునే వీలు మాత్రం పోయింది. ఇది చూడడానికి చిన్న మార్పే. కాని గుర్తింపును ఎలా ఇవ్వాలన్న విషయంలో అది ఎంతో వివేకమైన నిర్ణయం.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి గుర్తింపే చెరుపు చేస్తుందన్న భావం శ్రోతలకు కలిగితే అది సరైనది కాదు. ఎలాంటి గుర్తింపు చెరుపు చేస్తుందో, ఎలాంటిది మేలు చేస్తుందో విడదీసి చూపిన ప్రయోగం ఒకటి ఉంది. అది చర్చాసమూహాలకు సంబంధించినది కాదు, చిన్నపిల్లలకు సంబంధించినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని శిశుపాఠశాలలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లలను ఎంచుకుని మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టుకు, బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా బొమ్మలు వేయించి, వేశాక అదే పత్రం హఠాత్తుగా ఇచ్చారు. మూడో జట్టుకు ఏదీ చెప్పలేదు, ఏదీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత అవే పెన్నులు తరగతిలో ఊరికే పెట్టి ఉంచితే, ఆశ చూపించిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగిలినవారు గడిపినదానిలో దాదాపు సగమే. చెప్పకుండా బహుమతి పొందిన పిల్లల ఇష్టం చెక్కుచెదరలేదు. 1973లో ప్రచురితమైన ఈ ప్రయోగం ఆ తర్వాత ఎంతో చర్చకు దారితీసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉంది. రెండు జట్లకూ ఇచ్చినది ఒకే కాగితం. తేడా అంతా అది ఎప్పుడు తెలిసిందన్న దానిలోనే ఉంది. ముందే చెబితే అది కూలి, తర్వాత ఇస్తే అది మెప్పు. చర్చాసమూహంలో జవాబు రాసేవారు కూడా ఎవరూ అడగకుండానే, ఇష్టం కొద్దీ వచ్చినవారు. నెలకు నూరు జవాబులు రాస్తే ఫలానా బిరుదు ఇస్తామని ప్రకటించే సమూహం మొదటి జట్టు దారిలో నడుస్తోంది. ఎవరి సాయం ఎవరికి అందిందో గమనిస్తూ ఉండి, వారు ఊహించని రోజున పదిమంది ఎదుట ఆ మాట చెప్పే సమూహం రెండో దారిలో నడుస్తోంది.

ఈ రెండో దారికి వికీపీడియాలో ఒక చక్కని ఆచారం ఉంది. అమెరికా పల్లెలలో ఇరుగుపొరుగువారంతా కలిసి ఒక రైతుకు ధాన్యం, పశువులు ఉంచుకునే కొట్టాన్ని కట్టిపెట్టే సంప్రదాయం ఉండేది. అలాంటి కొట్టాల గోడల మీద అలంకారం కోసం అమర్చే అయిదు మొనల నక్షత్రాన్ని బార్న్‌స్టార్ అంటారు. సునీర్ షా అనే సభ్యుడు 2003 డిసెంబరులో దీన్ని వికీపీడియాలో ప్రవేశపెట్టాడు. దీనికి ఎంపిక సంఘం లేదు, పోటీ లేదు, పాయింట్లు లేవు. ఎవరైనా ఒక సభ్యుడు, మరొకరి కృషి నచ్చితే, వారి చర్చ పేజీకి వెళ్లి ఆ నక్షత్రాన్ని ఉంచి, ఎందుకు ఇస్తున్నదీ రెండు వాక్యాలలో రాస్తారు. అసలు విలువ ఆ రెండు వాక్యాలలో ఉంది. ఫలానా జిల్లా గ్రామాల వ్యాసాలలో తప్పుల తడకగా ఉన్న వివరాలను మీరు ఒక్కొక్కటిగా సరిచేయడం చూశానని ఒకరు రాశారంటే, ఆ పనిని వారు నిజంగా చూసి ఉండాలి. యంత్రం అలాంటి వాక్యం రాసిస్తే దానికి ఆ విలువ రాదు.

ఈ నక్షత్రాలకు ఫలితం ఉంటుందా అన్నది పరీక్షించినవారున్నారు. మైకేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డి రైట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఇంగ్లీషు వికీపీడియాలో అందరికన్నా ఎక్కువ కృషి చేసే ఒక శాతం సభ్యులలో, అంతవరకు నక్షత్రం అందనివారిని 200 మందిని తీసుకుని, చీట్లు వేసినట్టుగా వారిలో సగంమందికి నక్షత్రాలు ఇచ్చారు. ఆ తర్వాతి 90 రోజులలో, అందుకున్నవారి కృషి అందుకోనివారి కృషి కన్నా 60 శాతం ఎక్కువగా ఉన్నట్టు 2012లో వెల్లడించారు. డబ్బు లేదు, ధ్రువపత్రం లేదు, తెర మీద ఒక బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు, అంతే. జానా గాలుస్ అనే ఆర్థికవేత్త జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరినవారి మీద ఇలాంటి ప్రయోగమే చేసి, 2017లో ఫలితాలు ప్రచురించింది. చిన్న గౌరవచిహ్నం అందుకున్న కొత్తవారిలో, మరుసటి నెలలోనూ పని కొనసాగించినవారు, అందుకోనివారితో పోలిస్తే 20 శాతం ఎక్కువ. ఆ ప్రభావం ఏడాది వరకు నిలిచింది. ఈ రెండో అధ్యయనం మరింత ముఖ్యమైనది. ఎందుకంటే గుర్తింపు సాధారణంగా పేరున్నవారికే మళ్లీ మళ్లీ చేరుతుంది. నిన్న వచ్చి, జంకుతూ జంకుతూ మొదటి జవాబు రాసి, అది ఎవరికైనా ఉపయోగపడిందో లేదో తెలియక చూస్తున్నవారికి అది చేరదు. సమూహాన్ని రేపు నిలబెట్టవలసినవారు వారే.

తెలుగు వికీపీడియా కూడా 2003 డిసెంబరులోనే మొదలైంది. సభ్యులు కలిసి మాట్లాడుకునే పేజీకి అక్కడివారు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. వాడుకరి, దిద్దుబాటు, మొలక వంటి మాటలు అక్కడ రోజువారీ వాడుకలో ఉన్నాయి. మొలక అంటే ఇంకా ఎదగని చిన్న వ్యాసం. విజయవాడలో 2014 ఫిబ్రవరిలో జరిగిన దశాబ్ది ఉత్సవాలలో, కృషి చేసిన సభ్యులకు కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు అందజేశారు. ఆ పేరును ఎంచుకోవడంలో ఎంతో ఔచిత్యం ఉంది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరై, తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు, అది పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు చేపట్టారు. పదిమంది పండితులు కలిసి చేయవలసిన పనిని కలిపి నడపడంలో ఉండే శ్రమ ఎలాంటిదో కొమర్రాజుకు బాగా తెలుసు. ఆయన పేరున ఇచ్చే గౌరవం, అలాంటి శ్రమనే నేడు చేస్తున్నవారికి చెందడం సముచితమే.

తెలుగు సమూహాల విషయంలో ఒక సౌలభ్యం ఉంది. ఇవి చిన్నవి. నిత్యం పనిచేసేవారు ఒకరికొకరు పేరుపేరునా తెలిసే పరిమాణంలో ఉన్నవి. లక్షలమంది ఉన్నచోట యంత్రపు లెక్క లేకుండా గడవదు గాని, కొద్దిమంది ఉన్నచోట ఒకరి పనిని మరొకరు చదివి మెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. అంత చిన్న సమూహాలు కూడా పెద్దవాటిని చూసి అంకెల పట్టికలు పెట్టుకోవడం విచారించవలసిన విషయం.

ఏ పట్టికకూ అందని సాయం మరొకటి ఉంది. అది సరైన ప్రశ్న అడగడం. ఏమి చేశారో, ఏమి జరుగుతుందనుకున్నారో, ఏమి జరిగిందో విడమరచి రాసిన ప్రశ్నలో సగం జవాబు ఉంటుంది. ఆ ప్రశ్నను ఆ తర్వాత ఎంతోమంది వెతుక్కుంటూ వచ్చి చదువుకుంటారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో చాలాకాలం ప్రశ్నకు వచ్చే ఓటుకు 5 పాయింట్లు, జవాబుకు వచ్చే ఓటుకు 10 పాయింట్లు ఉండేవి. 2019 నవంబరులో రెండింటినీ సమానం చేశారు. జవాబు చెప్పేవారిలో కొందరికి అది నచ్చలేదు. అయినా అది న్యాయమైన మార్పే. అడగడం ఒక లోటు, చెప్పడం ఒక గొప్ప అన్న భావం ఉన్నంతకాలం, తెలియనివారు నోరు విప్పడానికి జంకుతూనే ఉంటారు.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను, ప్రపంచమంతటా ఉన్న ప్రోగ్రామర్లు ఈమెయిల్ ద్వారా చర్చించుకుంటూ తయారుచేస్తారు. లోపాన్ని సరిదిద్దే ప్రతి సవరణ కిందా, దాన్ని రాసినవారి పేరుతో పాటు, ఆ లోపం ఉందని మొదట చెప్పినవారి పేరు ఒక వరుసలో, సవరణను నడిపి చూసినవారి పేరు మరొక వరుసలో, చదివి సరిచూసినవారి పేరు ఇంకొక వరుసలో చేర్చడం అక్కడి పద్ధతి. ఇలా పేరు చేర్చడం వల్ల వారు మళ్లీ సాయపడడానికి ఉత్సాహపడతారన్న ఆశను అక్కడి నియమావళిలోనే రాసి ఉంచారు. ఒక్క అక్షరం ప్రోగ్రాం రాయకపోయినా, ఇక్కడ పొరపాటు ఉందని ఓపికగా చెప్పినవారి పేరు ఆ సవరణ ఉన్నంతకాలం దానితోనే ఉంటుంది. ఏడాదికొకసారి వేదిక మీద ఇచ్చే శాలువా కన్నా ఇది సూటిగా ఉంది. ఏ పనికి ఆ పేరో చూడగానే తెలుస్తుంది.

చివరగా చెప్పవలసినది అడిగినవారి బాధ్యత గురించి. చాలా సమూహాలలో ప్రశ్న అడిగినవారు జవాబు దొరకగానే వెళ్లిపోతారు. ఆ జవాబు పనిచేసిందో లేదో రాసినవారికి తెలియదు, తర్వాత వచ్చి చదివేవారికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ అన్న మాటను విడదీసి రాయడం నేర్చుకున్న ఆ కొత్త సభ్యుడు తిరిగి వచ్చి, మూడో జవాబులో చెప్పినట్టు చేశాను, సరిపోయింది, నా కీబోర్డులో ఫలానా మీట నొక్కవలసి వచ్చింది అని ఒక్క వరుస రాస్తే, ఆ సమూహంలో ఎవరు ఉపయోగపడ్డారన్నదానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. జవాబు రాసినవారికి ఆ వరుసే గుర్తింపు. తర్వాత వచ్చేవారికి అదే సమాచారం. దానికి ఏ నిర్వాహకుల అనుమతీ, ఏ పురస్కార సంఘమూ, ఏ పాయింట్ల ఏర్పాటూ అవసరం లేదు, ఆ కొత్త సభ్యుడు ఆ పూటే రాయవచ్చు.